గోడకెక్కు చెమ్మ – దాని నివారణ చరిత్ర

గ్రంథములకు ప్రధాన శత్రువులు మూడు: అగ్ని, చెద, చెమ్మ. అగ్నిని చూచి జనులు పరుగిడి వత్తురు. చెద మట్టిదారి పెట్టుకొని పోవుటచే దాని జాడ తెలియును. చెమ్మ మాత్రము చప్పుడు చేయదు. అది గోడను పట్టి పైకెక్కి, బీరువా అడుగు అరలోని పుస్తకములను ముందుగా నంటి, అట్టలను వంచి, పుటలకు బూజు పట్టించును. 1886లో విశాఖపట్టణమున మంతిన ఆదినారాయణమూర్తిగారు సరస్వతీ నిలయమను గ్రంథాలయమును స్థాపించిరి. అటుపిమ్మట ఆంధ్రదేశమున గ్రంథాలయోద్యమము పల్లెలకు వ్యాపించినది. పుస్తకములను సేకరించుట ఒక యెత్తు. వానిని పొడిగా కాపాడుట మరియొక యెత్తు. ఎచ్చెర్లకు ఈ విషయము మరింత ముఖ్యము. మండలమునకు బుడగట్లపాలెము వైపున సముద్రము కలదు. వానకాలమునకు తోడు తుపానుల తాకిడియు ఈ జిల్లాకు తప్పదు. 2018 అక్టోబరు 11వ తేదీన పలాస చేరువ తీరము దాటిన తిత్లీ తుపానును జిల్లావాసులు మరువలేదు.

ఇటుక చూచుటకు గట్టిదే గాని దాని నిండ సన్నని రంధ్రములు కలవు. దీపపు వత్తి నూనెను పైకి పీల్చినట్లే ఇటుకయు నేలలోని నీటిని పీల్చును. సన్నని గొట్టములలో నీరు ఎంత ఎత్తున కెక్కునో ఆంగ్ల పండితుడు జేమ్సు జూరిన్ 1718లో వివరించెను. గొట్టము సన్నగిలిన కొలది నీరు పైకి పోవును. ఒక మిల్లీమీటరు వ్యాసముగల గొట్టమున సుమారు 3 సెంటీమీటర్లు, అందు పదవవంతు వ్యాసముగల దానిలో సుమారు 30 సెంటీమీటర్లు ఎక్కును. గోడలోని నీరు గాలికి ఆరుచుండుటచే సామాన్యముగా ఒక మీటరు ప్రాంతమున ఆగును. నీరు ఆరిపోవును గాని అది తెచ్చిన లవణములు గోడలోనే నిలిచి, తెల్లని పొడియై పూతను రాల్చును. గోడకు చౌడెక్కినదని జనులు చెప్పుకొనునది దీనినే.

వంశధార దక్షిణ తీరమున సాలిహుండము కొండపై, 1919లో గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు గుర్తించిన బౌద్ధక్షేత్రమున ప్రాచీనమైన ఇటుక కట్టడములు నేటికిని కలవు. కొండమీది వగుటచే వాని మొదట నీరు నిలువదు. పల్లపు నేలలో ఇండ్లు కట్టినవారు ఎత్తైన అరుగుతోను, ముందునకు చాచిన చూరుతోను ఆ ప్రయోజనమునే సాధించిరి. వారు పూసిన సున్నపు గచ్చు గోడలోని చెమ్మను బయటికి ఆరనిచ్చెడిది. 19వ శతాబ్ది ఉత్తరార్ధమున ఇంగ్లండులో పునాదికిని గోడకును నడుమ నీరు చొరని పలకరాయి, తారు మొదలగు వాని పొర వేయు పద్ధతి స్థిరపడెను. నేడు మేస్త్రీలు డి.పి.సి. అనునది ఇదియే. కట్టునపుడే వేసినచో దీనికి వ్యయము స్వల్పము. మరచి కట్టిన గోడకు పిమ్మట వేయుట బహుకష్టము. ఆ కష్టమే కొందరి దృష్టిని విద్యుత్తు వైపు మరల్చెను.

విద్యుత్తు నీటిని నడపగలదను సంగతి కొత్తది కాదు. 1807లో మాస్కో నగరమున రాయిస్ అను శాస్త్రజ్ఞుడు తడిసిన మట్టి గుండ విద్యుత్తును పంపగా, నీరు ఋణధ్రువము వైపు కదలెను. 1879లో జర్మను శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్స్ దీనికి కారణము చెప్పెను. మట్టి కణముల ఉపరితలమున సామాన్యముగా ఋణావేశ ముండును. దానిని అంటియున్న నీటి పొరలో ధనావేశము చేరును. విద్యుత్తు ఆ పొరను లాగగా తక్కిన నీరును దానివెంట కదలును. 1939లో లియో కాసాగ్రాండే అను ఇంజనీరు జర్మనీలోని సాల్జ్‌గిట్టర్ చెంత రైలుమార్గపు కోతలో జారిపోవు మెత్తని నేలను ఈ విధముననే గట్టిపరచెను.

నేలకు పనికివచ్చినది గోడకేల పనికిరాదని ఐరోపాలో పలువురు యోచించిరి. గోడ అడుగుభాగమున వరుసగా రంధ్రములు చేసి, వానిలో లోహపు తీగెను అమర్చి ధనధ్రువముగా చేయుదురు. నేలలో దిగగొట్టిన కడ్డీ ఋణధ్రువము. స్వల్పమైన విద్యుత్తు నిరంతరము ప్రవహించుచుండగా నీరు పైకెక్కక నేలవైపునకే మరలునని వారి భావము. మొదటి తీగెలు తుప్పునకు త్వరగా లోనగుచుండెను గనుక పిమ్మట ప్లాటినము పూసిన టైటానియము తీగెలు వచ్చినవి. విద్యుత్తు నియ్యకయే రాగితీగెను నేలకు కలిపినచో చాలునను మరియొక పద్ధతియు ప్రచారమున నుండెను గాని, నీటిని కదలించు శక్తి అందు ఎచ్చటనుండి వచ్చునని విమర్శకులు ప్రశ్నించిరి.

ప్రయోగశాలలోని మట్టి వేరు, ప్రాత గోడ వేరు. లవణములు మిక్కుటమైన కొలది ఆవేశపు పొర పలుచనై నీటిని లాగు శక్తి క్షీణించును. చౌడెక్కిన గోడకే ఈ చికిత్స కావలసియుండుటయు, ఆ చౌడే దీనికి అడ్డగుటయు విచిత్రము. అదియు గాక నీటిరాక ఆగినను గోడలో మిగిలిన లవణములు గాలిలోని తేమను పీల్చి మరల చెమర్చును. కావున ఈ పద్ధతికి ఆధారమైన శాస్త్రము నిజమైనను, ఇండ్ల గోడలపై దాని ఫలితము నేటికిని వివాదాస్పదమే.

ఈ చరిత్ర గ్రంథాలయ సంఘములకు చెప్పు నీతి యొక్కటి: నీరు వచ్చు దారి నెరుగక మందు కొనరాదు. కప్పు కారుటయో, తూము పగులుటయో, గోడ మొదట వాననీరు నిలుచుటయో కారణమైనచో ఏ యంత్రమును రక్షింపజాలదు. గోడపై ప్లాస్టిక్ కాగితమును అన్ని అంచులు అంటించి రెండు దినములు ఉంచిన, గోడవైపున తడి చేరినచో చెమ్మ గోడలోనిదనియు, గదివైపున చేరినచో గాలిలోనిదనియు కొంతవరకు తెలియును. గోడ మొదట పోగైన మట్టిని తీసి నేలను వాలు చేయవలెను. చెమ్మగోడకు సిమెంటు పూత పూసిన, ఆరుటకు దారిలేక చెమ్మ మరింత పైకెక్కును. సున్నపు పూతయే మేలు. బీరువాలను గోడకు జానెడు దూరమున, పీటలపై నుంచవలెను. కొత్త గది కట్టునపుడు డి.పి.సి. పొర వేయకుండ గోడ లేపరాదు.

రజతోత్సవమునకు వెచ్చించు సొమ్ములో కొంత ఈ పనులకు చెల్లినచో, నేటి పాఠకులు చదివిన పుస్తకమునే వారి మనుమలును విప్పి చదువగలుగుదురు.