అతుకుల బొంత అంటే తిట్టా? ముక్కలు మార్చుకుని కుట్టిన ఆడవాళ్ల చరిత్ర

ఈ మాట మీరందరూ వినే ఉంటారు: "అతుకుల బొంత ప్రభుత్వం". నాలుగు పార్టీలు కలిసి గవర్నమెంట్ పెడితే చాలు, మరుసటి రోజు పేపర్లో ఇదే హెడ్డింగ్. టీవీ డిబేట్‌లోనూ ఇదే తిట్టు. అతుకుల బొంత అంటే నిలవనిది, ఎప్పుడు విడిపోతుందో తెలియనిది అని వాళ్ల ఉద్దేశం.

కానీ మీ ఇంట్లో అమ్మమ్మ కుట్టిన బొంత ఉంటే ఒకసారి రెండు చేతులతో పట్టుకుని లాగి చూడండి. చిరగదు. అందులో ఒక్కో చీర విడిగా ఎప్పుడో చిరిగిపోయింది, అందుకే బొంతలోకి వచ్చింది. అంటే విడిగా నిలవలేనివి కలిపి కుడితే నిలిచాయి. మరి ఆ మాట తిట్టు ఎలా అయింది? ఈ ఎపిసోడ్ దాని గురించే. ఖమ్మం పక్క నేలకొండపల్లి నుంచి మొదలుపెట్టి, భద్రాచలం అడవి అంచు మీదుగా సింగపూర్ జైలు దాకా వెళ్లొద్దాం.

ముందు బొంత ఎలా పనిచేస్తుందో చూద్దాం

అడుగున ఒక పాత నూలు చీర. మధ్యలో చిరిగిన ధోవతులు, అరిగిన దుప్పట్లు, ఏవి ఉంటే అవి. పైన ఇంకో చీర, లేదా బాగున్న ముక్కలన్నీ ఏరి జోడించిన పొర. దబ్బనంతోనో లావు సూదితోనో పైకీ కిందకీ పోతూ వచ్చే మామూలు కుట్టు. అంచు నుంచి మొదలై లోపలికి వరుసలు వరుసలుగా వెళ్తుంది. పొరల మధ్య ఇరుక్కున్న గాలి చలిని ఆపుతుంది. స్వెటర్ సూత్రమే.

ఇందులో కొత్త బట్ట అస్సలు ఉండదు. అది లేకపోవడమే దీని బలం. వందసార్లు ఉతికిన నూలు మెత్తబడిపోతుంది. అందుకే పుట్టిన బిడ్డను కొత్త బట్టలో కాకుండా ఇంట్లో పెద్దవాళ్ల పాత చీరలో, పాత ధోవతిలో పెట్టేవాళ్లు. "పొత్తిళ్లలో బిడ్డ" అంటామే, ఆ పొత్తిగుడ్డలు ఇవే. పెద్దవాళ్ల ఆయుష్షు బిడ్డకు వస్తుందని ఒక నమ్మకం, పసిచర్మానికి మెత్తగా ఉంటుందని ఒక లెక్క. రెండూ ఒకే గుడ్డలో ఉన్నాయి.

1700 ఏళ్ల కిందటి నేలకొండపల్లి

నేలకొండపల్లి అనగానే మనకు గుర్తొచ్చేది భక్త రామదాసు. కంచర్ల గోపన్న పుట్టిన ఊరు. కానీ ఆయనకు పదమూడు వందల ఏళ్ల ముందే అక్కడ పెద్ద బౌద్ధ కేంద్రం ఉంది. ఖమ్మం నుంచి ఇరవై కిలోమీటర్లు దాటితే ఇప్పటికీ ఆ మహాస్తూపం కనిపిస్తుంది.

స్తూపం ఫొటో అందరూ తీసుకుంటారు. అక్కడ తిరిగిన భిక్షువులు ఏం కట్టుకున్నారో మాత్రం ఎవరూ అడగరు. వాళ్ల నియమాల పుస్తకం వినయపిటకం. అందులో బట్టల గురించి ఒక అధ్యాయమే ఉంది. బుద్ధుడు మగధ దేశంలో నడుస్తూ, గట్లతో గళ్లుగళ్లుగా ఉన్న వరి పొలాలను చూసి, ఇలాంటి చీవరం కుట్టగలవా అని ఆనందుడిని అడిగాడట. ఆనందుడు కుట్టి చూపించాడు. అప్పటి నుంచి భిక్షువు చీవరం అంటే ముక్కలు కలిపి కుట్టిందే. నిండు బట్ట దొరికినా దాన్ని కత్తిరించి, మళ్లీ కుట్టాలి. కారణం చాలా ప్రాక్టికల్: ముక్కలు చేసిన బట్టకు బజార్లో రేటు రాదు, దొంగ దాని జోలికి రాడు.

ఇంకో సంగతి కఠినోత్సవం. వానాకాలం మూడు నెలలు ఒకేచోట ఉన్న భిక్షువులకు ఊరివాళ్లు బట్ట ఇస్తారు. భిక్షువులందరూ కూర్చుని, ఒక్క రోజులోనే కత్తిరించి, కుట్టి, రంగు వేసి, అవసరం ఉన్న ఒకరికి ఇస్తారు. బట్ట ఒకరిది, కుట్టు అందరిది, చీవరం ఇంకొకరిది. ఈ మూడింటినీ గుర్తుపెట్టుకోండి. ఈ చరిత్ర మొత్తంలో మనం అడగాల్సిన ప్రశ్నలు ఇవే: ముక్క ఎవరిది, కుట్టింది ఎవరు, చివరికి ఎవరి ఇంటికి వెళ్లింది?

బ్లాక్ స్వాప్ అంటే ఏంటి?

ఇప్పుడు ప్రపంచంలో బొంతలు కుట్టేవాళ్లు ఆడే ఒక ఆట చెప్తా. దీన్ని బ్లాక్ స్వాప్ అంటారు. పన్నెండు మంది చేరతారు. ఒక్కొక్కరూ తమ డిజైన్‌లో ఒకేలాంటి చదరపు ముక్కలు పన్నెండు కుడతారు. అన్నీ ఒకచోటికి పంపిస్తారు. మొత్తం 144. అక్కడ కలిపి పంచితే, ఒక్కొక్కరికీ పన్నెండు మంది చేతివి పన్నెండు వేరువేరు ముక్కలు వస్తాయి. మూడు వరుసల్లో నాలుగేసి పేర్చితే 36 అంగుళాలు, 48 అంగుళాల పసిపిల్లల బొంత రెడీ. పన్నెండు మందికీ పన్నెండు బొంతలు.

ఇందులో రూల్ ఒక్కటే, అది చాలా స్ట్రిక్ట్. పన్నెండు అంగుళాల ముక్క కావాలంటే పన్నెండున్నర కొలతతో పంపాలి. నాలుగు వైపులా పావు అంగుళం కుట్టులోకి పోతుంది. రంగు మీ ఇష్టం, డిజైన్ మీ ఇష్టం, ఆ పావు అంగుళం మాత్రం మీ ఇష్టం కాదు. సాఫ్ట్‌వేర్‌లో పనిచేసినవాళ్లకి ఇది వెంటనే అర్థమవుతుంది. లోపల కోడ్ ఎలా రాసుకున్నా పర్లేదు, పక్కవాడితో కలిసే చోట మాత్రం ఒప్పుకున్న కొలతే ఉండాలి.

అమెరికాలో 1840ల నాటికే ముక్కల మీద పేర్లు రాసి బొంతలు కుట్టేవాళ్లు. దూరదేశం వెళ్లిపోతున్న స్నేహితురాలికి ఊళ్లో ఆడవాళ్లందరూ తలో ముక్క కుట్టి, సంతకం పెట్టి ఇచ్చేవాళ్లు. ఆమె మళ్లీ తిరిగొస్తుందన్న గ్యారంటీ లేదు. ఫొటో ఆల్బమ్ ఇంటింటికీ రాని రోజుల్లో అదే ఆల్బమ్.

ఆరు అంగుళాల ముక్కలో ఒక మనిషి

ఈ ఎపిసోడ్‌లో నాకు బాగా నచ్చిన కథ ఇది. 1942లో జపాన్ సైన్యం సింగపూర్‌ను పట్టుకుంది. అక్కడున్న బ్రిటిష్, ఆస్ట్రేలియా, ఇతర దేశాల పౌరులను చాంగీ జైల్లో పెట్టింది. ఆడవాళ్లు, పిల్లలు ఒకవైపు. మగవాళ్లు ఇంకోవైపు. భర్త బతికున్నాడో లేదో భార్యకు తెలియదు, భార్య సంగతి భర్తకు తెలియదు. ఉత్తరాలు లేవు.

ఎథెల్ మల్వానీ అనే కెనడా మహిళ ఒక ఉపాయం చేసింది. ఒక్కో ఆడమనిషికి ఆరు అంగుళాల తెల్లగుడ్డ ముక్క ఇచ్చి, మీ గురించి ఏదైనా కుట్టండి, పేరు కూడా కుట్టండి అంది. అలా 66 ముక్కల చొప్పున మూడు బొంతలు తయారయ్యాయి. ఒకటి బ్రిటిష్ గాయపడిన సైనికులకు, ఒకటి ఆస్ట్రేలియా వాళ్లకు, ఇంకొకటి జపాన్ సైనికులకు. మూడోది ఎందుకంటే, దాన్ని చూపిస్తే మిగతా రెండింటికీ పర్మిషన్ దొరుకుతుందని.

కాపలావాళ్లకు అది పూలగుడ్డ. ఆసుపత్రిలో ఉన్న సైనికుడికి మాత్రం అది ఒక లిస్టు. ఈ పేరు ఉంది, అంటే ఈమె బతికే ఉంది. కొందరు ఇంటి బొమ్మ కుట్టారు, కొందరు పువ్వులు కుట్టారు, కొందరు జైలు గదే కుట్టారు. ఆ మూడింటిలో రెండు ఇప్పుడు ఆస్ట్రేలియా యుద్ధ స్మారక మ్యూజియంలో ఉన్నాయి, ఒకటి బ్రిటిష్ రెడ్‌క్రాస్ దగ్గర ఉంది. అతుకుల బొంతను బలహీనమైనదని తిట్టేవాళ్లు ఈ కథ వినాలి.

మళ్లీ మన గోదావరి ఒడ్డుకు

భద్రాచలం నుంచి గోదావరి వెంట ఎగువకు పాతిక కిలోమీటర్లు పోతే దుమ్ముగూడెం. 19వ శతాబ్దం మధ్యలో ఆర్థర్ కాటన్ ఆలోచన ప్రకారం గోదావరి మీద పడవలు లోపలి దాకా నడపాలని అక్కడ ఆనకట్ట పనులు మొదలుపెట్టారు. 1871లో ఆ పథకాన్ని వదిలేశారు. కానీ ఆ ఇంజినీర్ల వెంట వచ్చిన క్రైస్తవ మిషన్ మాత్రం ఉండిపోయింది. ఆ మిషన్‌లో దశాబ్దాలు పనిచేసిన జాన్ కెయిన్ కోయల గురించి వ్యాసాలు కూడా రాశాడు. మిషన్ వాళ్లు అక్కడి ఆడపిల్లలకు లేసు అల్లడం నేర్పారు. చుట్టూ అడవి, మధ్యలో ఇంగ్లండ్ ఇళ్ల కోసం లేసు.

ఇంకా కిందకి, సముద్రం దగ్గర నర్సాపురంలో ఈ పని 1844 నుంచే ఉంది, అక్కడా మిషనరీలే మొదలుపెట్టారు. 2024లో నర్సాపురం లేసుకు జీఐ గుర్తింపు కూడా వచ్చింది. ఆ పనిలో రెండు మాటలు వినిపిస్తాయి: చేతిపని, అతుకుపని. ఒకామె పువ్వులు అల్లుతుంది, అది చేతిపని. ఇంకొకామె ఆ పువ్వులన్నీ కలిపి టేబుల్ గుడ్డ చేస్తుంది, అది అతుకుపని. చూడ్డానికి అచ్చం బ్లాక్ స్వాప్ లాగే ఉంటుంది. చాలామంది, తలో ముక్క, చివరికి ఒకటే గుడ్డ.

కానీ మన మూడు ప్రశ్నలు అడగండి. దారం ఎవరిది? వ్యాపారిది. కుట్టింది ఎవరు? ఊళ్లో ఆడవాళ్లు. గుడ్డ ఎవరి ఇంటికి వెళ్లింది? ఓడెక్కింది. జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ నర్సాపురం వచ్చి చూసి 1982లో ఒక పుస్తకం వేసింది. రోజంతా అల్లినా సగటున రూపాయి కూడా రాని పరిస్థితి ఆమెకు కనిపించింది. ఇంకో విషయం కూడా కనిపించింది: వీళ్లను ఎవరూ కార్మికులు అనలేదు. "ఇంట్లో ఖాళీగా ఉన్నప్పుడు చేసుకునే పని" అన్నారు. పనికి ఆ పేరు పెట్టగానే కూలీ తగ్గించడం ఈజీ అయిపోయింది.

చాంగీలో ముక్కల మీద పేర్లు ఉన్నాయి. నర్సాపురం లేసు మీద ఒక్క పేరూ లేదు. తేడా కుట్టులో లేదు. చివరికి గుడ్డ ఎవరి చేతిలో ఉంది అన్నదాంట్లో ఉంది.

తండాల్లో అద్దాల కుట్టు

ఇల్లందు, కారేపల్లి వైపు వెళ్తే లంబాడీ తండాలు. వాళ్ల పూర్వీకులు ఎద్దుల మీద ధాన్యం, ఉప్పు మోస్తూ దేశమంతా తిరిగినవాళ్లు. తిరిగే జీవితంలో బరువైనదేదీ దాచుకోలేరు, అందుకే ఆస్తిలో కొంత బట్టల మీదకే ఎక్కింది. అద్దాలు, గవ్వలు, రంగుల ముక్కలు, దారం. తల్లి దగ్గర కూతురు నేర్చుకుని, పెళ్లికి కుట్టుకుని తీసుకెళ్లిన పని.

ఇదే జాతి ఆడవాళ్లు కర్ణాటక సండూరులో సంఘంగా కూడి పనిచేస్తున్నారు. సండూరు లంబాణీ కుట్టుకు 2010లో జీఐ వచ్చింది. 2023 జూలైలో హంపీలో జీ20 మీటింగ్ జరిగినప్పుడు, 450 మందికి పైగా లంబాణీ ఆడవాళ్లు కుట్టిన 1755 ముక్కలను ప్రదర్శించి గిన్నిస్ రికార్డు కొట్టారు. వార్తల్లో రికార్డు వచ్చింది, మంత్రుల పేర్లు వచ్చాయి. ఆ 450 మంది పేర్లు మనలో ఎంతమందికి తెలుసు? చాంగీ ఆడవాళ్లు పేరు ఎందుకు కుట్టారో ఇక్కడ అర్థమవుతుంది.

బొంత ఎందుకు తగ్గిపోయింది?

పరుపులు వచ్చాయి, నిజమే. కానీ అసలు దెబ్బ పాలిస్టర్‌ది. నూలు చీర పోయి సిల్కులాంటి సింథటిక్ చీర ఇంటింటికీ వచ్చాక, పాత చీర పాతబడడం మానేసింది. అది మెత్తబడదు, చెమట పీల్చదు, కుట్టేటప్పుడు ఒక పొర మీద ఇంకో పొర జారిపోతుంది. స్టీలు గిన్నెలకు పాత బట్టలు వేయడం కూడా ఉంది కదా. బొంతలోకి పోవాల్సిన చీర గిన్నె అయిపోయింది. ఇప్పటికీ కొన్ని ఊళ్లలో, హైదరాబాద్ బస్తీల్లో బొంతలు కుట్టే ఆడవాళ్లు వీధుల్లోకి వస్తారు. మీ చీరలు ఇస్తే మీ గుమ్మం ముందే కూర్చుని కుడతారు. వాళ్లతో బేరమాడే ముందు రూపాయి కూడా రాని ఆ నర్సాపురం పనిని ఒకసారి గుర్తుచేసుకోండి.

భద్రాచలం మ్యాప్ చూసినా ఒక బొంతే కనిపిస్తుంది. 1860లో నిజాం నుంచి బ్రిటిష్ వాళ్లకు, తర్వాత సెంట్రల్ ప్రావిన్సెస్‌లోకి, 1874లో మద్రాసు గోదావరి జిల్లాలోకి, 1959లో ఖమ్మంలోకి. 2014లో చుట్టుపక్కల మండలాలు ఆంధ్రకు పోయి, టౌన్ తెలంగాణలో మిగిలింది. ప్రతిసారీ కత్తిరించింది ఎక్కడో కూర్చున్నవాళ్లు. కానీ చింతూరు అమ్మాయి భద్రాచలంలో కోడలు, భద్రాచలం అమ్మాయి కూనవరంలో కోడలు. పుట్టింటి చీర సారెలో వెళ్లి, అత్తింటి బొంతలో ముక్కైపోతుంది. గీత అటు ఇటు మారింది, కుట్టు అలాగే ఉంది.

ఈసారి ఇంటికి వెళ్లినప్పుడు ఒక పని చేయండి. బొంత తీసి నేల మీద పరిచి, ఒక్కో ముక్క మీద వేలు పెట్టి ఇది ఎవరి చీర అని అమ్మను అడగండి. ఫోన్‌లో రికార్డ్ చేయండి. ఇంకొంచెం ఓపిక ఉంటే, అక్కచెల్లెళ్లు, వదినలు, పిన్నులు ఆరుగురు కలిసి నాయనమ్మ నూలు చీరలను ఒకే కొలతలో కోసి, ముక్కలు మార్చుకోండి. ఆరు ఇళ్లలో ఆరు బొంతలు అవుతాయి. మగపిల్లలు కూడా సూది పట్టొచ్చు, ఆనందుడు పట్టాడు కదా. చివర్లో ఒక మూల నాయనమ్మ పేరు, కుట్టినవాళ్ల పేర్లు దారంతో రాయండి.

ఇక ఎవరైనా టీవీలో "అతుకుల బొంత" అని తిడితే, అది ఎంత గట్టిదో మీకు తెలుసు. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటా మరి.