కరువులో ఇవ్వని బాప్తిస్మము



ఎదుటివాడి ఆకలి మన చేతిలో ఉన్నప్పుడు మన గుణం బయటపడుతుంది. దీనికి మన ఒంగోలు చరిత్రలోనే ఒక సాక్ష్యం ఉంది.

1876లో వానలు పోయాయి. 1878 దాకా పీడించిన ఆ కరువును పెద్దలు ధాత కరువు అన్నారు. అప్పుడు ఒంగోలులో పరిచర్య చేస్తున్నది అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దొర. కరువు పనిగా ప్రభుత్వం బకింగ్‌హాం కాలువ తవ్విస్తుంటే, ఆయన మూడున్నర మైళ్ల తవ్వకానికి కాంట్రాక్టు తీసుకున్నాడు. సర్వే పని ఆయనకు తెలుసు. తన బోధకులనే పనిమీద పెట్టాడు. వేలమంది వచ్చారు, వారిలో ఎక్కువమంది మాదిగలు. మన్ను మోశారు, కూలి తీసుకున్నారు, బతికారు.

పని ఆగినప్పుడు బోధకులు వారి మధ్య కూర్చొని క్రీస్తును గూర్చి చెప్పేవారు. చాలామంది బాప్తిస్మము అడిగారు. దొర ఇవ్వలేదు. సుమారు 15 నెలలు ఎవరికీ ఇవ్వలేదు. కూలి కోసం ఎవరూ విశ్వాసం ఒప్పుకోకూడదని ఆయన పట్టు.

ఒక్కమాట అంటే చాలు, సంఘపు పుస్తకం పేర్లతో నిండేది. ఆ మాట ఆయన అనలేదు. రొట్టెలు తిన్న జనం మళ్లీ వెతుక్కుంటూ వచ్చినప్పుడు మన ప్రభువు కూడా వారి సంఖ్య చూసి మురిసిపోలేదు కదా!

కరువు సాయం ఆగింది. ఇక ఇచ్చేదేమీ లేదు. అప్పుడు వారు వచ్చారు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో 2,222 మంది బాప్తిస్మము పొందారు. ఆరుగురు బోధకులు, ఇద్దరిద్దరు చొప్పున వంతులవారీగా నీళ్లలోకి దిగారు. దొర ఆ రోజు తన చేతులతో ఒక్కరికీ ఇవ్వలేదు. ఆ ఏడాది ముగిసేసరికి ఆ సంఖ్య 9,000 దాటింది.

కూటి కోసం కలిసారని పేదలను అనడం లోకానికి తేలిక. ఆ మాట అనేవారికి ఆ 15 నెలలే జవాబు. దొర ఆగాడు, వారూ ఆగారు. ఆయన నిగ్రహం వారి గౌరవాన్ని కాపాడింది.

ప్రియులారా, మన చేతిలోనూ ఎవరిదో అవసరం ఉంటుంది. వరదలో బియ్యం మూట ఇస్తూ ఫోటోకు నిలబెడతాం. అప్పు ఇచ్చి, ఎన్నికల్లో ఓటు అడుగుతాం. ముద్ద పెట్టి, జీవితాంతం తలవంచమంటాం. ఇచ్చినదానికి బదులు ఎదుటివాడి మనస్సాక్షిని అడిగితే అది ప్రేమ కాదు, బేరం.

ఈ వారం ఎవరికైనా సాయం చేస్తే, చేసి పక్కకు తప్పుకోండి. అతడు రావాలనుకుంటే తనంతట తానే వస్తాడు. అలా వచ్చినవాడే నిలుస్తాడు.

ప్రభువు మనకు అట్టి మనస్సు దయచేయును గాక. ఆమేన్.