పని గంటల లెక్క: ఖరగ్‌పూర్ నుంచి గాంధీ ఆస్పత్రి దాకా

ఖరగ్‌పూర్‌ను నిర్మించింది రైలు. బెంగాల్ నాగపూర్ రైల్వే అక్కడ జంక్షనూ, వర్క్‌షాపూ నెలకొల్పాక ఉత్తరాంధ్ర నుంచి వేలాది తెలుగు కుటుంబాలు బతుకుదెరువుకు తరలివెళ్లాయి. 1927లో ఆ వర్క్‌షాపు కార్మికులు ఉద్యోగాల కోతపై పోరాడినప్పుడు, వారి సంఘానికి నాయకత్వం వహించినవారిలో బరంపురం తెలుగువాడు వి.వి. గిరి ఒకరు. తర్వాతి కాలంలో ఆయన రాష్ట్రపతి అయ్యారు.

1930లో రైల్వే చట్టాన్ని సవరించి, నిరంతర విధుల్లో ఉండే సిబ్బందికి వారానికి 60 గంటల పరిమితి విధించారు. అంతకన్నా ముఖ్యం, దాని అమలును చూసేందుకు ప్రత్యేక పర్యవేక్షకులను నియమించే ఏర్పాటు చేశారు. ఆ నియమం కంపెనీ రైల్వేలకు చేరేసరికి ఏళ్లు పట్టిన మాట నిజమే. అయినా గంటలు లెక్కపెట్టే మనిషంటూ ఒకరున్నారు.

జూనియర్ డాక్టర్లకు కాగితం మీద ఇంతకన్నా మెరుగైన హామీ ఉంది. రెసిడెంట్ల విధులు ఏకబిగిన 12 గంటలు, వారానికి 48 గంటలు మించరాదని 1992లోనే కేంద్రం నిర్దేశించింది. లేనిదల్లా ఆ లెక్క చూసే పర్యవేక్షకుడు.

కోవిడ్ ఈ లోటును బయటపెట్టింది. వైద్య సిబ్బందిపై దాడులకు ఏడేళ్ల వరకు జైలు శిక్ష విధించేలా 1897 నాటి అంటువ్యాధుల చట్టాన్ని 2020 ఏప్రిల్ 22న ఆర్డినెన్సుతో సవరించారు. ఏడు వారాలైనా గడవకముందే, జూన్ 9 రాత్రి, హైదరాబాద్ గాంధీ ఆస్పత్రిలో ఒక రోగి మరణించగా జూనియర్ డాక్టర్‌పై దాడి జరిగింది. విధులు వదిలి రోడ్డుపై బైఠాయించిన వైద్యులు కోరింది భద్రత ఒక్కటే కాదు. కోవిడ్ చికిత్సను ఇతర ఆస్పత్రులకూ విస్తరించి, ఒక్కచోట పేరుకున్న భారాన్ని పంచమన్నారు. అంటే శిక్షలకన్నా ముందు సిబ్బంది లెక్క సరిచేయమన్నారు.

ఏడాది తిరగకముందే, 2021 మే 26న, తెలంగాణ జూనియర్ డాక్టర్లు మళ్లీ సమ్మెకు దిగారు. 15 శాతం స్టైపెండ్ పెంపు, విధుల్లో మరణించిన సిబ్బంది కుటుంబాలకు పరిహారం వారి డిమాండ్లు. స్టైపెండ్ పెంపునకు ప్రభుత్వం అంగీకరించింది. సమ్మె త్వరగానే ముగిసింది. పని గంటల ప్రశ్న మాత్రం ఉన్నచోటే ఉండిపోయింది.

కారణం స్పష్టం. గంటలు తగ్గించమన్నప్పుడు జూనియర్ డాక్టర్ విద్యార్థి. సమ్మె చేసినప్పుడు అత్యవసర సేవకుడు. ఖరగ్‌పూర్ కార్మికుడు కనీసం కార్మికుడిగా గుర్తింపు పొందాడు. వైద్యుడికి ఆ గుర్తింపూ, లెక్కచూసే యంత్రాంగమూ దక్కేవరకు, చప్పట్లూ పూలజల్లులూ ఎన్ని కురిసినా న్యాయం కాబోవు.