గాజుపాత్రలపై గార

నీటి గుణమును తెలిసికొనుటకు మన పల్లెలలోని పెద్దలకు ప్రయోగశాలతో పనిలేదు. కందిపప్పు ఉడకకున్నను, సబ్బు నురుగు రాకున్నను, కాగు లోపల తెల్లని గార కట్టినను, అవి మంచినీళ్లు కావని వెంటనే చెప్పుదురు. ఆ గారయే హైదరాబాదు నగరమున నొక క్రొత్త యంత్రములో నాకు మరల కనబడినది.

బోరబండలో మా బంధువుల యింట గాజుగ్లాసులపై పాలపొర వంటి మసక కట్టుచుండెడిది. అంట్లు తోమునామె అశ్రద్ధయే దీనికి కారణమని తలంచి, ఆమెను మాన్పించి, డిష్‌వాషరు అను గిన్నెలు కడుగు యంత్రమును కొనిరి. నెల తిరుగకమునుపే మసక మరల వచ్చెను. ఈమారు నింద యంత్రముపై బడినది. ఆమె చేతికిని, ఆ యంత్రమునకును సామాన్యమైనది బోరునీరొక్కటియే!

హైదరాబాదు నల్లరాతి నేలపై వెలసిన పట్టణము. 1908 సెప్టెంబరున మూసీ వెల్లువలో వేలకొలది జనులు మరణించిన పిదప, మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి సలహా ననుసరించి జలాశయములు కట్టబడెను. 1920లో ఉస్మాన్‌సాగరు, 1927లో హిమాయత్‌సాగరు పూర్తియైనవి. అందు నిలిచినది వాననీరు. బోరునీటి కంటె మెత్తనిది. పట్టణము పెరిగినకొలది మంజీర నీరు, 2004లో కృష్ణనీరు, 2015లో గోదావరి నీరు వచ్చినవి. అయినను చాలక జనులు బోరులు త్రవ్వించుకొనిరి. వాననీరు మన్నులో నింకునపుడు బొగ్గుపులుసు వాయువును గ్రహించి, శిథిలమైన రాతినుండి కాల్షియము, మెగ్నీషియములను కరగించుకొనును. ఆ నీరు కాగినపుడు వాయువు తొలగిపోవును. కరగియున్న కాల్షియము సున్నపురాతి పొడియై పాత్రల నంటుకొనును. ఈ యంత్రము వేడినీటితో కడుగునది గదా!

ఈ యంత్రమునకు 1886లో అమెరికాలో పేటెంటు పొందినది జోసెఫీన్ కోక్రేన్ అను నామె. పనివారి చేతులలో తన పింగాణి పాత్రలు పెచ్చులూడుచున్నవని ఆమె దీనిని తలపెట్టినట్లు చెప్పుదురు. అక్కడను మొదటి నింద పనివారిదే! 1893లో షికాగో ప్రదర్శనమున ఆ యంత్రము ప్రసిద్ధి కెక్కినది.

నీటి కాఠిన్యమును తీయు విద్య వేరొకచోట పెరిగినది. 20వ శతాబ్ది తొలినాళ్లలో జర్మనీ దేశీయుడు రాబర్ట్ గాన్స్ తత్సంబంధమైన ఖనిజములను ప్రయోగించెను. 1935లో ఇంగ్లాండున ఆడమ్స్, హోమ్స్ అనువారు రెజిన్ గుళికలను ప్రకటించిరి. గుళిక కాల్షియమును పట్టుకొని సోడియమును విడుచును. గుళికలు నిండిన పిదప ఉప్పునీరు పోసి కడిగిన మరల పని చేయును. పెక్కు యంత్రముల అడుగున ఉప్పుకై ప్రత్యేకమైన అర యున్నది ఇందులకే. మా బంధువులు గిన్నెలు ఉప్పగించునని వెరచి దానిని ఖాళీగా నుంచిరి!

మరియొక కారణము: సబ్బుపొడులలో పూర్వము ఫాస్ఫేటు కాఠిన్యమును అణచుచుండెను. అది చెరువులలో నాచును పెంచుచున్నదని 2010లో అమెరికాలోని పలు రాష్ట్రములు దానిని నిషేధింపగా, అచ్చటి యిండ్లలోను గ్లాసులు తెల్లబడినవి.

పరీక్ష సులభము. మసకపై నిమ్మరసము రుద్దవలెను. తేటపడిన, అది గార. తేటపడకున్న, గాజే క్షయించినది. అధికమైన వేడిమియు, మెత్తని నీటిలో మితిమీరిన పొడియు దీనికి హేతువులు. దానికి మందు లేదు.

మా బంధువులు యంత్రమునకై అమ్ము ముతక ఉప్పును పోసిరి. రెండు గ్లాసులు తప్ప తక్కినవి తేటపడెను. మాన్పించిన యామెకు కబురంపిరి. ఆమె అప్పటికే అమీర్‌పేటలో వేరొక యింట కుదిరియుండెను.