కపట రక్షకుల చరిత్ర

దొంగే "దొంగ, దొంగ" యని కేకలు వేసి, ఆ కలవరములో ఇల్లు దోచుకొను విద్య మన పెద్దలకు క్రొత్త కాదు. కాని ఆ విద్య గృహములలోని కంప్యూటరు తెరనెక్కి, కోట్ల డాలర్ల వర్తకముగా పెరిగిన వృత్తాంతము గడచిన మూడు నాలుగు దశాబ్దులలోనిది.

1989 డిసెంబరులో, ఎయిడ్స్ వ్యాధిని గూర్చిన సమాచారమను పేరుతో సుమారు 20,000 ఫ్లాపీలు ఆ వ్యాధి పరిశోధకులకును, ఒక కంప్యూటరు పత్రిక చందాదారులకును తపాలాలో చేరినవి. వానిని యంత్రములో ఎక్కించినవారికి తొలుత ఏ బాధయు తోచలేదు. యంత్రమును దాదాపు 90 పర్యాయములు ఆన్ చేసిన పిమ్మట ఫైళ్ల పేర్లన్నియు గుర్తుపట్టరానివై, 189 డాలర్లను పనామాలోని ఒక తపాలా పెట్టెకు పంపవలసినదని తెరమీద తాఖీదు వెలువడెను. ఇచట వంచకుడు యంత్రమును నిజముగా చెరచియే సొమ్మడిగెను. తరువాతివారికి ఆ శ్రమయు అక్కరలేకపోయినది.

2000 ప్రాంతమున ఉచిత ప్రోగ్రాముల వెంట, యజమాని సంగతులను రహస్యముగా పరులకు చేరవేయు స్పైవేర్ చాటుగా ఇండ్లలో ప్రవేశింపగా, దానిని ఏరివేయుటకు యాడ్-అవేర్, స్పైబాట్ వంటివి ఉచితముగనే లభించి, రక్షకులయందు జనులకు నమ్మిక కుదిర్చినవి. 2004 ఆగస్టులో మైక్రోసాఫ్టు విండోస్ ఎక్స్‌పీకి చేర్చిన సెక్యూరిటీ సెంటరు, గడియారము ప్రక్కన ఎఱ్ఱని డాలు గుర్తు చూపి, యంత్రము ప్రమాదములో నుండవచ్చునని హెచ్చరింపసాగెను. నిజమైన కావలివానికి ఒక వేషమేర్పడినంతనే దొంగయు దానిని ధరించెను. స్పైషెరిఫ్, విన్‌ఫిక్సర్ మున్నగు కపట రక్షక ప్రోగ్రాములు అదే డాలును, అదే మూలను, అదే ధోరణిని అనుకరించినవి. బ్రౌజరులో తటాలున తెరచుకొని, పచ్చని గీత సాగుచుండగా వందలకొలది వైరసులను లెక్కించి చూపిన "స్కాన్" కేవలము కదిలెడి బొమ్మ. సి డ్రైవన్నదే లేని మ్యాకింటోషు మీద సైతము అది సి డ్రైవులో రోగములను కనిపెట్టినది! ఆ లేని రోగములకు విరుగుడని అమ్మిన ప్రోగ్రాము వెల సుమారు 40 డాలర్లు.

2008 డిసెంబరులో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్, విన్‌ఫిక్సర్‌ను అమ్మిన ఇన్నొవేటివ్ మార్కెటింగ్ సంస్థపై దావా వేసి, పది లక్షలకు పైబడిన కొనుగోలుదారులు మోసపోయిరని ఆరోపించెను. 2012లో ఆ వ్యాజ్యమున 16 కోట్ల 30 లక్షల డాలర్ల తీర్పు వెలువడెను.

అప్పటికే వంచకులు బొమ్మనుకూడ విడిచి, మాటనే నమ్ముకొనిరి. టెలిఫోనులో మైక్రోసాఫ్టు మనుష్యులమని చెప్పి, యంత్రములో జరిగిన సంగతుల చిట్టాను చూపు ఈవెంట్ వ్యూయర్‌ను గృహస్థునిచేతనే తెరపించి, ఆరోగ్యముగానున్న ప్రతి విండోస్ యంత్రములోను కనబడు ఎఱ్ఱ, పసుపు గుర్తులను వైరసు జాడలుగా చూపిరి. 2012 అక్టోబరులో ఆ కమిషన్ ఇట్టివారిపై ఆరు వ్యాజ్యములు ప్రకటింపగా, ఆ మోసములలో అధికభాగము భారతదేశమునుండి నడచినవేయగుట మనము సిగ్గుపడదగిన సంగతి.

యంత్రమును చెరచుటనుండి బొమ్మకును, బొమ్మనుండి మాటకును వంచన దిగుచువచ్చిన కొలది, దానిని పట్టుకొనుటలో సాఫ్ట్‌వేరు పాత్ర తగ్గి, గృహస్థుని నిదానము పాత్ర పెరిగినది. మైక్రోసాఫ్టు తన హెచ్చరికలలో టెలిఫోను నంబరు ఎన్నడును ఉండదని స్పష్టముగా ప్రకటించియున్నది. కావున నంబరు చూపి తొందరపెట్టు హెచ్చరిక కనబడినచో, అందలి ఏ మీటయు నొక్కక టాస్క్ మేనేజరుతో బ్రౌజరును మూసి, తాను స్వయముగా ఎక్కించుకొనిన యాంటీవైరస్‌నే అడిగి చూచుట మేలు.