పింఛన్ రోజు కనిపించే ముసలోళ్లు

పాలమూరు దిక్కున కోడేరు మండలంలో ఒక ఊరి పోస్టాఫీసులో పోస్టుమాస్టరుగా పనిచేసినవాణ్ణి. మా దిక్కు ముసలోళ్ల బాగోగుల చరిత్రంటే వలస చరిత్రే. వాన మీద ఆధారపడ్డ చెలకలు, నెత్తి మీద అప్పు. దసరాకు ముందే గుంపు మేస్త్రీ అడ్వాన్సు చేతిలో పెట్టేవాడు. పండుగ కాగానే ఆలుమగలిద్దరూ డ్యాముల పనికో, కాలువల పనికో పోయి వానలు పడే వేళకు తిరిగొచ్చేవాళ్లు. దేశమంతా ‘పాలమూరు లేబర్’ అని పేరుపడింది వీళ్లకే. ఊళ్లో మిగిలేది అవ్వ, తాత, వాళ్ల మీద వదిలిన మనుమలు.

దానికి ఊరు తనకు తాను ఒక ఏర్పాటు చేసుకుంది. కోడలు పోయేముందు జొన్నలు ఇంట్లో పోసి, పక్కింటామెకు అప్పజెప్పేది: “మా అత్తకు కండ్లు కనపడయి, పొద్దుగూకినంక ఒక్కసారి చూడక్కా.” మంచం పట్టినవాళ్లుంటే మాత్రం ఇంట్లో ఒకరు ఆగాలి. ఆగేది తరచూ ఆడపిల్లే, బడి మానేసి. పాతకాలాన్ని మెచ్చుకునేవాళ్లు ఆ పిల్లను మరిచిపోవద్దు.

తర్వాత సర్కారు పింఛన్ డబ్బు వచ్చింది. 1995 ఆగస్టు 15న మొదలైన కేంద్ర పథకంలో 65 దాటిన నిరాధారులకు నెలకు 75 రూపాయలు. 2014లో తెలంగాణ ‘ఆసరా’ కింద వెయ్యి, 2019లో 2,016. ఇంట్లో అవ్వ మాటకు విలువ పెరగడం నేను కళ్లారా చూశాను.

పింఛన్ రోజు పోస్టాఫీసు ముందు ఊరి ముసలోళ్లంతా కనిపించేవారు. రాళ్లు మోసి, కొడవలి పట్టి అరిగిన వేళ్లను వేలిముద్రల మిషన్ గుర్తుపట్టేది కాదు. సబ్బుతో కడిగించి, తుడిచి మళ్లీ పెట్టించేవాణ్ణి. లేవలేనివాళ్లుంటే మిషన్ తీసుకుని మంచం దగ్గరికే పోయేవాణ్ణి. అక్కడే అసలు సంగతి తెలిసేది. బీపీ గోలీల పొట్లం విప్పకుండానే ఉంది. పొద్దున వేసుకునేదేదో, రాత్రి వేసుకునేదేదో చెప్పే మనిషి లేడు. వీపు మీద పుండు. బీపీ సంగతి ఆశా కార్యకర్తకు తెలుసు, పైసల సంగతి నాకు తెలుసు, తిన్నదీ లేనిదీ పక్కింటామెకు తెలుసు. మేం ముగ్గురం ఒకచోట కూర్చున్నది లేదు.

2007లో వచ్చిన తల్లిదండ్రుల పోషణ చట్టం ప్రకారం, చూడని కొడుకు మీద ఆర్డీఓకు దరఖాస్తు పెట్టవచ్చు. మంచి చట్టమే. కానీ మా అవ్వల కొడుకులు నిర్లక్ష్యం చేసినవాళ్లు కాదు, పని కోసం పోయినవాళ్లు. మాకు పనికొచ్చే దారి కేరళది. 1993లో కోజికోడ్‌లో కొందరు డాక్టర్లు మొదలుపెట్టిన నొప్పి ఉపశమన సేవ 2008 నాటికి ఆ రాష్ట్ర ప్రభుత్వ విధానమైంది. పంచాయతీ ఖర్చుతో నర్సు మంచం పట్టినవాళ్ల ఇళ్లకు పోతుంది, తోడుగా ఊరి మనుషులుంటారు.

సర్పంచులారా, కార్యదర్శులారా, నెలకొకసారి పింఛన్ రోజున ఆశా కార్యకర్తను, పోస్టుమాస్టరును, వాడకు ఒకరిని పిలిచి మంచాన ఉన్నవాళ్ల పేర్లు ఒక పుస్తకంలో రాయించండి. వృద్ధుల సాయం నంబరు 14567ను పంచాయతీ గోడ మీద పెద్దక్షరాలతో రాయించండి.