పొలిమేర రాళ్లు: డౌరో లోయ చరిత్ర

ద్రాక్షాసవమును గూర్చిన చరిత్ర వ్రాయదగినదేనా యని పాఠకులలో కొందరు కనుబొమలు ముడివేయవచ్చును. మేము పానమును పొగడుటకు కలము పట్టలేదు. ఒక పానీయము పేరును కాపాడుటకై ఒక ప్రభుత్వము కొండలచుట్టును రాళ్లు పాతించినది. ఆ కొండలను పొలములుగా మార్చినవారి పేర్లను మాత్రము ఏ రాతిమీదను చెక్కింపలేదు. మేము చెప్పదలచిన వృత్తాంతమిది. ఇది మనకు బొత్తిగా పరాయిదియును గాదు. నూనెకును, తారునకును, నీటికిని మనము వాడు ‘పీపా’ యను మాట పోర్చుగీసువారి ‘పిపా’ నుండి వచ్చినది. డౌరో లోయలో నేటికిని ద్రాక్షాసవమునకు పిపాయే కొలమానము. ఒక పిపా యనగా 550 లీటరులు. కూలివాండ్రను కూడగట్టి పనిచేయించువానిని మనము ‘మేస్త్రి’ యందుము. అదియును వారి ‘మెస్త్రె’ యను మాటయే. ఈ మాటలు ఓడలెక్కి మన తీరమునకు వచ్చినవి. వాని వెనుకనున్న బ్రతుకును చూడవలెనను కోరికతో మేము నలుగురు మిత్రులము, ద్రాక్షకోతలు సాగు సెప్టెంబరు మాసమున, పోర్చుగల్ దేశపు ఉత్తరభాగమునకు పయనమైతిమి. మాలో ఇద్దరము ఉపాధ్యాయులము, ఒకరు న్యాయవాది, మరియొకరు వ్యవసాయశాస్త్రము చదివినవారు.

డౌరో నది స్పెయిన్ దేశమున పుట్టి, పోర్చుగల్‌లో ప్రవేశించి, పోర్టో నగరమువద్ద అట్లాంటిక్ మహాసముద్రమున కలియును. పోర్టోలో రైలెక్కి తూర్పుగా పోయినచో కొంతదూరమునకు పట్టాలు నదీతీరమును చేరి, నీటి ప్రక్కనే సాగును. ఈ మార్గము 1879లో రేగ్వా పట్టణమునకును, 1880లో పిన్యావ్ గ్రామమునకును చేరెను. సముద్రమునుండి వచ్చు వానమబ్బులను మరావ్ పర్వతము పడమటనే అడ్డగించును. అందుచేత పర్వతమునకు తూర్పున వానలు తక్కువ, ఎండలు తీవ్రము. అచ్చటివారు తమ వాతావరణమును గూర్చి, తొమ్మిది నెలలు చలి, మూడు నెలలు నరకము అని చెప్పుకొందురు.

మా వ్యవసాయ మిత్రుడు ఒక తోటలో వంగి పిడికెడు నేల తీసి చూపెను. అందు మన్ను బహుస్వల్పము. ఉన్నదంతయు పొరలు పొరలుగా విడిపోవు పలకరాతి ముక్కలే. ద్రాక్షవేరు ఆ పొరల సందులలో దూరి, లోతుననున్న తడిని వెదకికొనును. కాని మొక్క నాటుటకు ముందు మనుష్యుడు ఆ రాతిని పగులగొట్టవలెను. గునపములతోడను సుత్తులతోడను కొండను చీల్చి, ఆ రాళ్లనే సున్నము లేకుండ పేర్చి గోడలు కట్టి, గోడ వెనుక రాతిపొడిని నింపి, మెట్టుపై మెట్టుగా పొలములను కల్పించిరి. ఈ పనికి స్థానికులతోపాటు ఉత్తరమున గలీషియా నుండి బీదవారు గుంపులుగా వచ్చెడివారు. రైలు కిటికీనుండి చూచువానికి ఆ మెట్లు ప్రకృతి తీర్చిన రేఖలవలె తోచును. దగ్గరకు పోయి గోడపై చేయి వేసిన పిమ్మట, ప్రతి రాయియు ఒకనాడు ఒకని చేతిలో నుండెనని తెలియును.

ఈ సీమకు లోకప్రసిద్ధి కలుగుటకు కారణము వర్తకమును రాజనీతియును. 1703లో ఇంగ్లండు, పోర్చుగల్ దేశములకు మెథ్యూన్ సంధి కుదిరెను. దాని ప్రకారము ఇంగ్లండు ఉన్నిబట్టలను పోర్చుగల్ రానిచ్చెను. పోర్చుగల్ ద్రాక్షాసవముపై ఇంగ్లండు, ఫ్రెంచివారి సరకుపై వేయు సుంకములో మూడింట రెండు వంతులే విధించెను. గిరాకి పెరిగినది. గిరాకితో కల్తీయు పెరిగినది. రంగు చాలని సరకునకు ఎల్డర్ చెట్టు పండ్ల రసము కలిపి ఎరుపు తెచ్చిరి. ధరలు పడిపోయినవి. వర్తకులు రైతులను నిందించిరి. రైతులు వర్తకులను నిందించిరి.

అప్పుడు రాజ్యమును నడుపుచున్న మంత్రి సెబస్టియావ్ జోసే ద కర్వాల్యో, పిమ్మట పొంబాల్ ప్రభువని పేరొందినవాడు. 1755 నవంబరు 1వ తేదీ భూకంపమున నేలమట్టమైన లిస్బను నగరమును తిరిగి కట్టించినవాడితడే. ఇతడు 1756 సెప్టెంబరు 10న డౌరో ద్రాక్షతోటల వ్యవసాయ కంపెనీని రాజశాసనముచే స్థాపించెను. మేలిరకము ద్రాక్షాసవము పండు నేల యేదో నిర్ణయించి, దానిచుట్టు 1758లోను 1761లోను గ్రానైటు రాళ్లు పాతించిరి. వాని సంఖ్య మొత్తము 335. వానిపై ‘ఫెయితోరియా’ యని చెక్కిరి. ఎగుమతికి తగిన మేలైన సరకు పండు నేల యని దాని భావము. ఎల్డర్ చెట్లను పెరికివేయించిరి. ఒక పంట పేరును ఒక నేలకు కట్టి, చట్టముచే కాపాడిన ప్రయత్నములలో ప్రపంచమున మొట్టమొదటి వానిలో నిదియొకటి.

ఒక రాతిప్రక్కన నిలిచి మా న్యాయవాది మిత్రుడు దాని విలువను వివరించెను: “ఈ రాయి లేనిచో కల్తీవర్తకుడే గెలిచియుండును. నిజాయితీపరుడగు రైతు అడవిపాలై యుండును. పేరునకు హద్దు లేనిచో పేరే మిగులదు.” ఈ మాట సత్యము. కాని చరిత్రలో దీనికి రెండవ ప్రక్క కలదు. పోర్టో నగరపు అంగళ్లలో చిల్లరగా ద్రాక్షాసవము నమ్ము హక్కును కూడ ప్రభుత్వము ఈ కంపెనీకే ధారపోసెను. చిన్న దుకాణదారులకును, పనివారికిని జీవనాధారము పోయినది. 1757 ఫిబ్రవరి 23న వారు గుంపుగా లేచి, కంపెనీ అధ్యక్షుని యింటిపై పడిరి. పొంబాల్ దానిని రాజద్రోహముగా నెంచెను. సైన్యము నగరమున దిగెను. ఆ సైన్యపు ఖర్చు నగరవాసుల నెత్తిన పడెను. స్త్రీలును పురుషులును ఉరికంబమెక్కిరి. పేరును కాపాడిన శాసనము, ఆ పేరుతో బ్రతుకుచున్న బీదలను కాపాడలేదు. మేము వెళ్లిన చోటులలో రాళ్లను చూపువారు పలువురు కలరు. ఉరికంబములను తలచువారు తక్కువ.

నది చరిత్రయు నిట్టిదే. రైలు రాకమునుపును, వచ్చిన పిమ్మట కూడ చాలకాలము, పీపాలు పడవలపైననే పోర్టోకు దిగెడివి. రబేలో యను ఆ పడవకు అడుగు చదునుగా నుండును. వెనుక పొడవైన చుక్కానితెడ్డు నుండును. సరంగు ఎత్తైన వేదికపై నిలిచి, పీపాల మీదుగా ముందున్న సుడులను చూచుచు ఆ తెడ్డును త్రిప్పవలెను. వలెయిరా అను కొండసందులో రాళ్లు నదికి అడ్డముగా నుండెడివి. 1780 మొదలు 1792 వరకు మందుగుండుతో వానిని పగులగొట్టి పడవలకు దారి తీసిరి. అయినను ఆ చోటు ప్రాణాంతకముగనే యుండెను. 1861 మే 12న జోసెఫ్ జేమ్స్ ఫారెస్టరను ఆంగ్లవర్తకుడు అచ్చట పడవ మునిగి మరణించెను. ఇతడు డౌరో నదికి చక్కని పటమును రచించినవాడు. అదే పడవలో నున్న ఆంతోనియా అడిలైడ్ ఫెర్రెయిరా అను తోటల యజమానురాలు బ్రతికి బయటపడెను. ఆమె విశాలమైన గౌను నీటిపై గాలిబుడ్డవలె తేలి ఆమెను గట్టు చేర్చెనని కథగా చెప్పుకొందురు. ఈ కథను మాకు చెప్పనివారు ఆ లోయలో లేరు. అదే సుడిలో పోయిన పడవవాండ్రకు కథలు లేవు. 1970లలోను 1980లలోను పోర్చుగల్ భాగమున ఐదు ఆనకట్టలు వెలసి, ఆ సుడులు నీటి యడుగున అణగిపోయినవి. అంతకుమునుపే, 1960లలో, సరకు పడవల కాలము ముగిసెను.

మధ్యలో మరియొక విపత్తు. 1860లలో అమెరికానుండి వచ్చిన ఫిలాక్సెరా యను పురుగు ద్రాక్షవేళ్లను తినివేసెను. కొండలు ఎండిపోయినవి. అమెరికా జాతి వేరుమొక్కపై ఐరోపా కొమ్మను అంటుకట్టుట యొక్కటే తుదకు నిలిచిన చికిత్స. ధనవంతులు తోటలను తిరిగి నాటిరి. బీదరైతులు అమ్ముకొని పోయిరి. నాడు విడిచివేసిన మెట్లు నేటికిని తుప్పలతోడను ఆలివు చెట్లతోడను నిండి కనబడును. వానిని ఆ సీమవారు ‘మొర్తోరియో’ లందురు; చచ్చిపోయిన తోటలని భావము. పచ్చని మెట్ల నడుమ ఆ బూడిదరంగు గోడలను చూచినప్పుడు, చెరువు తెగి పాడువడిన మన పల్లెల పొలములు మాకు జ్ఞప్తికి వచ్చినవి.

ఇక కోతల సంగతి. పూర్వము కొండలపై పల్లెలనుండి ‘రోగా’ యను కూలిముఠాలు కాలినడకను డప్పు వాయించుకొనుచు లోయలోనికి దిగెడివి. ముఠాను కూర్చి తెచ్చువాడు మన మేస్త్రివంటివాడే. స్త్రీలు గుత్తులు కోయుదురు. పురుషులు సుమారు 60 కిలోల బుట్టను వీపున మోసి, నిట్టనిలువు మెట్లు దిగుదురు. స్త్రీలకు కూలి తక్కువ. రాత్రి పడక కొట్టములలో గడ్డిపైన. పగలంతయు కోసిన పిమ్మట రాత్రి గ్రానైటు తొట్లలో దిగి ద్రాక్షను త్రొక్కవలెను. మొదటి రెండు గంటలు భుజము భుజము కలిపి, వరుసగా నిలిచి, మేస్త్రి కేకకు సరిగా కాలెత్తి దింపవలెను, వరుస తప్పరాదు. దీనికి ‘కోత’ యని పేరు. అది ముగిసిన పిమ్మట మేస్త్రి ‘లిబర్దాద్’ అని ప్రకటించును. స్వేచ్ఛ యని అర్థము. అప్పుడు వాద్యములు మ్రోగును. తొట్టిలోనే యెవరికి తోచినట్లు వారు చిందులు వేయుదురు. పులియుట సగమైనప్పుడు రసమును వడిసి, 435 లీటరులకు 115 లీటరుల ద్రాక్షమద్యసారము కలుపుదురు. పులియుట ఆగిపోయి తీపి నిలుచును. పోర్టు వైను పుట్టుక యిది.

నేడు చాలచోట్ల త్రొక్కుడు పని యంత్రములదే. కొన్ని తోటలలో మాత్రము పాతపద్ధతి నిలిచియున్నది. మేము చూచిన తోటలో యాత్రికులు కొందరు డబ్బు చెల్లించి తొట్టిలో దిగి నవ్వుచుండిరి. వారిని ఎగతాళి చేయుట మా ఉద్దేశము గాదు. కాని పదిగంటలు బుట్ట మోసిన కాళ్లకు లభించిన స్వేచ్ఛ తొట్టి గోడలకు లోబడినదని మేము మరువలేకపోతిమి. దుడ్డు నిచ్చి దిగినవానికి అది ఆట; కూలికి దిగినవానికి అది ఆట రూపమున నున్న పనియే.

ఇరువదవ శతాబ్దిలో చట్టములు మరల వచ్చినవి. 1907లో హద్దులను పునర్నిర్ణయించిరి. 1932లో రైతులకు ‘కాసా దు డౌరో’ యను సంస్థ యేర్పడెను. ప్రతి తోటకును నేల, ఎత్తు, ఎండ, మొక్క వయస్సు మొదలగువానినిబట్టి మార్కులు వేసి, ఏ తోట ఎంత పోర్టు వైను చేయవచ్చునో నిర్ణయించు పద్ధతి అమలులోనికి వచ్చెను. తోటకు మార్కులు కలవు. తోటలో పనిచేయువానికి లేవు. 1960లలో ఆ పల్లెల యువకులు వేలకొలదిగా ఫ్రాన్సుకు వలసపోయిరి. 1974 ఏప్రిల్ 25న నియంతృత్వము కూలిపోయెను. 2001లో యునెస్కో ఎగువ డౌరోలో 24,600 హెక్టారుల నేలను ప్రపంచ వారసత్వముగా గుర్తించెను. ఇది ప్రకృతి యొక్కటే కల్పించిన అందము గాదు, మనుష్యశ్రమ తీర్చిన భూమి యని ఆ గుర్తింపు సారాంశము. శ్రమకు లభించిన గౌరవములలో ఇది పెద్దదే. అయినను గౌరవము గోడకు దక్కినది.

వలసపోయినవారి చోటు ఖాళీగా నుండదు. మేము పిన్యావ్ దగ్గర ఒక తోటలో నడచుచుండగా మెట్టుపైనుండి హిందీ మాట వినవచ్చెను. పంజాబునుండి వచ్చిన యువకుడొకడు, నేపాలీయులు ఇద్దరు, బుట్టలు మోయుచుండిరి. మమ్ము చూచి ఆ యువకుడు, “మాస్టర్‌జీ, మీరును కోతలకు వచ్చితిరా?” యని నవ్వెను. ఏజెంటునకు చెల్లించుటకై తెచ్చిన అప్పు ఇంకను తీరలేదని చెప్పెను. “ఇక్కడ పండ్ల బరువును సర్కారు కాగితముపై వ్రాసికొందురు. మా పేర్లు మాత్రము మేస్త్రి పుస్తకములో నుండును” అనెను. ఆ మాటలో ఫిర్యాదు లేదు. ఉన్న సంగతి చెప్పినాడు. మా నలుగురిలో నెవరికిని వెంటనే నోట మాట రాలేదు. మనకు ‘మేస్త్రి’ యను మాట నిచ్చిన దేశమునకు, ఆ మేస్త్రి క్రింద పనిచేయుటకు మన దేశపు బిడ్డలు పోవుచున్నారు.

పిన్యావ్ రైలుస్టేషను గోడలపై 1937లో అమర్చిన నీలిరంగు పింగాణీ పలకల చిత్రములు 24 కలవు. వానిలో కోతలు, బుట్టలు, పడవలు, పీపాలు అన్నియు చిత్రింపబడినవి. సీసాలపై వర్తకుల పేర్లు కలవు. రాళ్లపై కంపెనీ ముద్ర కలదు. చిత్రములలోని కూలివాండ్రు పేరులేక నిలుచున్నారు. పేరునకు హద్దు గీచి కాపాడవచ్చునని ఆ సీమ లోకమునకు నేర్పినది. మన నేలలోను పంటలకును, నేతలకును అట్టి రక్షణ లభించుచున్నది, లభింపవలసినదే. దానితోపాటు కోసినవాని పేరు, నేసినవాని పేరు, వాని కూలి, వాని పడక, వాని అప్పు కూడ ఆ కాగితములో నొక పంక్తిగా చేరవలెను. చట్టములు వ్రాయువారు ఈ పంక్తిని మరచినచో, చరిత్ర చెప్పు మావంటి పంతుళ్లయినను బడిలో పిల్లలకు దానిని చదివి వినిపింపవలెను.